ఎక్కేవాడు ఉన్నంతకాలమే తాడి

పొలం గట్టు మీది తాడిచెట్టును ఎవరో పనిగట్టుకుని నాటినట్టు కనిపించదు. పండు రాలుతుంది, పశువులో పిల్లలో చీకి పడేస్తారు, టెంక ఎక్కడో దొర్లి మొలుస్తుంది. అందుకే దాన్ని దానంతటదే పెరిగే చెట్టు కింద జమకడతాం. నిజానికి తెలుగు నేల మీద తాళ్ళు గుంపులుగా కనిపించేవి మనిషి మసలే చోట్లలోనే: చేల గట్లు, చెరువు కట్టలు, కాలువ ఒడ్లు, ఊరి పొలిమేరలు. మొలిచిన దాన్ని పీకెయ్యకుండా వదిలింది మనుషులే. ఎక్కి, గీసి, ఆకు కోసి, కాయ దించి బతికారు కాబట్టి వదిలారు. ఆ ఎక్కడం ఆగిపోయిన ఊళ్ళో పదేళ్ళు తిరగకుండానే తాళ్ళు ఇటుక బట్టీ కట్టెలవుతున్నాయి. తాడి చరిత్ర అంటే దాన్ని ఎక్కిన మనుషుల చరిత్రే.

ముందు చెట్టు సంగతి. తాడికి కొమ్మలుండవు. పెరిగే మొవ్వు ఒక్కటే, అదీ తల మీద. ఆ మొవ్వు చచ్చిందంటే చెట్టు చచ్చినట్టే, పక్క నుంచి చిగురు రాదు. టెంక మొలిచాక మొదటి నాలుగైదేళ్ళు నేలకు ఆనుకుని ఆకులు మాత్రమే కనిపిస్తాయి. చెట్టు ఎదగడం లేదని చాలామంది ఆ దశలోనే దున్నేస్తారు. కానీ కాండం తన లావంతా కట్టుకునేది అప్పుడే. పైకి లేచిన తర్వాత ఇక లావెక్కదు. పూతకు రావడానికి పన్నెండు నుంచి పదిహేనేళ్ళు, నీటి ఎద్దడి ఉన్న నేలలో ఇంకా ఎక్కువ. అది మగదైన పోతుతాడో, ఆడదైన పెంటితాడో పూత వేసేదాకా తెలియదు. తాత వదిలేసిన చెట్టును మనవడు గీస్తాడు. ఇంత ఓపిక పట్టే పంట ఈ నేల మీద ఇంకొకటి లేదనే చెప్పాలి.

ఎక్కే పని తెలంగాణలో గౌడలది, రాయలసీమలో ఈడిగలది, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలది, ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన కులాలది. కులం పేరు ఊరూరికీ మారినా పనిముట్లు మాత్రం ఇంచుమించు అవే: చెట్టును, మనిషిని కలిపి చుట్టే మోకు, నడుముకు కత్తులు పెట్టుకునే ముస్తాదు, పాదాలకు బంధం, గీత కత్తి, పైన కట్టడానికి లొట్టి అనే కుండ. బరువంతా మోకు మీద వెనక్కి వేసి, కాళ్ళు ముడిచి పైకి జరిగి, మళ్ళీ మోకును ఎగరేసి పైకి నెట్టుకోవాలి. మోకు అరిగేది ఎప్పుడూ ఒకే చోట, చెట్టు వెనక ఒరుసుకునే భాగంలో. ఎక్కేవాడి కంటికి అది ఆనదు కాబట్టి రోజూ కింద నిలబడి ఆ జానెడు మేర చేత్తో తడిమి చూసుకోవాల్సిందే. ఇక వానాకాలంలో కాండం మీద పాకుడు పడుతుంది. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే కాలు జారుతుంది, ఎందుకంటే అప్పటికి నడుముకు నిండు లొట్టి వేలాడుతుంటుంది, మనిషి అలిసిపోయి ఉంటాడు.

ఇరవై చెట్లు గీసే మనిషి లెక్క ఒకసారి వేసి చూడండి. చెట్టు ఇరవై మీటర్లు, పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు. అంటే రోజుకు ఎనిమిది వందల మీటర్లు పైకి, అంతే కిందికి. అదీ సీజను నడిచినంత కాలం ఒక్క రోజు సెలవు లేకుండా. పడిపోయిన వాళ్ళలో నడుం విరిగి మంచం పట్టిన వాళ్ళు గీత పని ఉన్న ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య పేరు మీద రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషి కింద పడకుండా ఆపే పట్టీలు, కొక్కేలు అందులో ఉంటాయి. కాటమయ్య గౌడల కులదైవం. శతాబ్దాలుగా దేవుడి మీద భారం వేసి ఎక్కిన పనికి ఈ కిట్లు ఇంత ఆలస్యంగా రావడం బాధ కలిగించే విషయమే.

సెలవు ఎందుకు లేదో తెలియాలంటే గీత ఎలా నడుస్తుందో చూడాలి. చలికాలం నుంచి పోతుతాడి, తెలంగాణ మాటలో పోద్దాడు, గీతకు వస్తుంది. ఎండలు ముదిరాక పెంటితాడి, అంటే పండుతాడు. మొదట చెట్టు తల శుభ్రం చేస్తారు. ఎండిన మట్టలు, గెలల చుట్టూ అల్లుకున్న నార తీసి, కత్తి ఆడే చోటు చేసుకుంటారు. పోతుతాడి పూత గెలల లేత కాడలను కర్ర పట్టుకారు మధ్య పెట్టి కాస్త కాస్తగా నొక్కుతారు, ఒక రోజుతో అయ్యేది కాదు. లోపలి పొర నలగాలి, పై తోలు పగలకూడదు. తొందరపడి చితక్కొడితే అక్కడి నుంచి కుళ్ళు పట్టి ఆ గెల ఆ ఏటికి చెడిపోతుంది. నొక్కిన కాడలను కలిపి కట్టి కొస కోస్తారు. చుక్క పడటం మొదలయ్యాక పూటపూటకూ కొస నుంచి పలచని చెక్కు తీయాలి. చెక్కు మందంగా పోతే సీజను సగంలోనే గెల అయిపోతుంది. తీయకపోతే కోసిన మొహం ఎండి పూడుకుపోతుంది, రసం ఆగిపోతుంది. రెండు రోజులు ఎక్కకుండా ఊరుకుంటే మళ్ళీ దారిలో పెట్టడానికి వారం పడుతుంది. చుట్టాల పెళ్ళికి వెళ్ళినా తన తాళ్ళు చూసే మనిషిని అప్పజెప్పి వెళ్ళేది అందుకే.

కారేటప్పుడు అది కల్లు కాదు, నీరా. నూటికి పన్నెండు పాళ్ళ దాకా చక్కెర ఉండే తియ్యని రసం. లొట్టిలో నిన్నటి తడి ఉంటే చాలు, అందులోని ఈస్టు గంటల్లోనే పని మొదలుపెడుతుంది. పొద్దున దించిన రసం మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి ఘాటెక్కి వెనిగర్ దారి పడుతుంది. పులవకుండా ఉండాలంటే లొట్టిని కడిగి, పొగ చూపించి లేదా ఎండలో ఆరబెట్టి, లోపలి గోడంతా తడి సున్నం పలచగా పూయాలి. సున్నం రసాన్ని క్షారంగా ఉంచుతుంది, అందులో ఈస్టు పెరగదు. తాటిబెల్లం తయారీ అంతా ఈ సున్నం మీదే ఆధారపడి ఉంది. తక్కువైతే రసం కొంత పులిసి, చక్కెర విరిగి, ఎంత కాచినా గడ్డ కట్టని బంక మిగులుతుంది. ఎక్కువైతే బెల్లం నల్లబడి, నాలుక మీద సున్నం రుచి తగులుతుంది. దించిన నీరాను కదపకుండా కాసేపు ఉంచి, సున్నం అడుక్కి దిగాక పైతేట వంచుకుని, గుడ్డలో వడకట్టి కాచాలి. వెడల్పాటి మూకుడు, మొదట గట్టి మంట, చిక్కబడ్డాక సన్న మంట. నురగ పొంగితే రెండు చుక్కల ఆముదం వేస్తే అణుగుతుంది. పాకం చన్నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి, వేళ్ళకు అంటుకుని సాగితే ఇంకా కాలేదన్నమాట. కిలో బెల్లానికి ఎనిమిది తొమ్మిది లీటర్ల నీరా పడుతుంది, మిగిలినదంతా ఆవిరిగా పోయే నీళ్ళే. తాటిబెల్లం ధర చూసి ఉలిక్కిపడేవాళ్ళు ఆ నీళ్ళను ఆవిరి చేయడానికి పట్టే కట్టెల ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కల్లుకు ఇంత గిరాకీ ఉంటే పాలకులు ఊరుకుంటారా? చెట్టు ఎవరి పొలంలో ఉన్నా గీసే హక్కు సర్కారుదే అన్న లెక్క మన దగ్గర చాలా కాలం సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886 ఆబ్కారీ చట్టం కింద దుకాణాలు వేలం వేసి, చెట్టు చెట్టుకూ పన్ను కట్టించుకున్నారు. నిజాం రాజ్యంలోనూ ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయమే. వేలం పాడేది డబ్బున్న కాంట్రాక్టరు, ఎక్కేది కూలి. చెట్టుకూ మనిషికీ మధ్య మూడో మనిషి ఎప్పుడూ ఉన్నాడు. అంతకు చాలా ముందే, 1700 ప్రాంతంలో, మొఘలాయి సుబేదార్లకూ జమీందార్లకూ ఎదురు తిరిగి కోట కట్టుకున్న సర్వాయి పాపన్న గీత కులం వాడే. 1708లో వరంగల్ మీద దాడి చేసి కొల్లగొట్టాడు, 1710లో పట్టుకుని చంపేశారు. తెలంగాణ ఊళ్ళలో ఆయన కథ పాటగా నేటికీ నిలిచి ఉంది.

ఆంధ్ర వైపు తాడి నేరుగా శాసనసభలోకే వచ్చింది. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1948కల్లా అది ప్రెసిడెన్సీ అంతటికీ పాకింది. సారాకూ కల్లుకూ ఒకే గీత గీయడంతో చెట్టెక్కడం తప్ప వేరే పని రాని వేలాది కుటుంబాలు ఒక్కసారిగా నేరస్థుల లెక్కలోకి వచ్చాయి. గీసుకుంటే కేసు, గీయకపోతే పస్తు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఆ నిషేధం ఎత్తేయాలంటూ గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున ఉద్యమం నడిపారు. ప్రభుత్వమే నియమించిన రామమూర్తి కమిటీ నిషేధం విఫలమైందని చెప్పింది. ఆ సిఫారసును పక్కన పెట్టిన ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు తొలి మంత్రివర్గం పతనంలో గీత కత్తి వాటా ఉందన్న సంగతి బడి పుస్తకాల్లోకి ఎక్కాల్సింది.

గోదావరి డెల్టాలో ఇంకో పోరాటం నడిచింది, అది తెగులుతో. 20వ శతాబ్దం మొదటి ఏళ్ళకల్లా అక్కడి తాళ్ళకు మొవ్వుకుళ్ళు పట్టింది. బీహారులోని పూసాలో పనిచేసే శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్ దాన్ని పరిశీలించి, కారణమైన బూజుకు 1907లో పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా కొబ్బరిని, కోకోను పీడిస్తున్న ఫైటోఫ్తోరా పాల్మివోరా అదే. విప్పారని నడిమి ఆకు తెల్లబోయి వాలడం మొదటి గుర్తు. పట్టుకుని లాగితే చేతికి ఊడి వస్తుంది, దాని మొదలు చెడు కంపు కొడుతుంది. కింది ఆకులు ఇంకా పచ్చగానే ఉండటంతో చూసేవాడికి చెట్టు బాగున్నట్టే అనిపిస్తుంది, ఆ లోపల బూజు వాన చినుకుల వెంట పక్క చెట్టుకు పోతుంది. మందులు లేని ఆ రోజుల్లో సర్కారు ఊరూరా మనుషుల్ని పెట్టి తెగులు చెట్ల తలలు నరికి కాల్పించింది. ఆ తలలు నరకడానికి కూడా చెట్టెక్కేవాళ్ళే కావాల్సి వచ్చింది. ఇప్పుడైతే తెగులు తొలి దశలోనే కుళ్ళిన భాగం చెక్కేసి, చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో కూడా ఒక శాతం బోర్డో మిశ్రమం పోయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. రెండూ వేర్వేరుగా కలిపి, మైలుతుత్తం నీళ్ళను సున్నపు నీళ్ళలో పోయాలి. ఇనప పాత్ర వాడకూడదు, కలిపిన రోజే వాడెయ్యాలి. వానలు పడకముందే పోయాలి. వానల్లో తాడెక్కి మందు పోసేవాడు దొరకడు.

కల్లు పక్కన పెట్టినా తాడి మీద బతికిన పనులు బోలెడు. మట్ట అడుగున కాండాన్ని చుట్టుకుని ఉండే భాగాన్ని కొట్టి తీసిన గట్టి నారను కాకినాడ రేవు నుంచి బ్రష్షులు, చీపుళ్ళ కోసం ఓడలకెక్కించేవారు. ముదిరిన మాను చీరితే అంచు చెక్క నల్లగా ఇనుములా ఉంటుంది, నడిమి అంతా పీచు. వాసాలకూ దూలాలకూ అంచే పనికొస్తుంది, నడిమిది తీయకుండా వదిలేస్తే చెద పట్టి అంచుకు పాకుతుంది. కొల్లేటిలో లావాటి మొదలు భాగాన్ని రెండుగా చీరి, పీచు తొలిచి దోనె చేస్తారు. తెరిచి ఉన్న కొసను బంకమట్టితో మూసి నీళ్ళలో తోస్తారు. ఇక మన సాహిత్యం నిలిచిందే తాటాకు మీద. మరీ లేత ఆకు ఎండితే ముడుచుకుంటుంది, ముదురుది గంటం తగిలితే చిట్లుతుంది. ఈ రెండింటికీ మధ్యది కోసి, ఈనె తీసి, పసుపు నీళ్ళలో ఉడికించి, నీడన ఆరబెట్టి, రుద్ది నునుపు చేస్తే రాతకు వస్తుంది. గంటంతో గీరాక అక్షరాలు కనిపించవు, దీపపు మసి నూనెలో కలిపి రుద్దితే గీతల్లో దిగుతుంది.

తేగలు, తెలంగాణలో గేగులు, చెప్పకుండా ఈ సంగతి ముగియదు. భాద్రపదంలో పోగైన టెంకల గుజ్జు కడిగేసి, గుల్ల మట్టితో రెండడుగుల ఎత్తు పాతర పోసి, పైన టెంకలను పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి రెండు వరుసలు పేర్చి, పలచగా మట్టి కప్పి తడుపుతారు. తాడి మొలక పైకి రాదు, ముందు కిందికి దిగుతుంది. నేల గట్టిగా ఉంటే తేగ వంకరపోయి పాయలవుతుంది, నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. కార్తీకంలో టెంక పగలగొడితే లోపల తియ్యని బుర్రగుంజు దొరుకుతుంది. సంక్రాంతికి తవ్వితే తేగ నిండుగా ఉంటుంది. ఆలస్యమైతే మొదటి ఆకు పొడుచుకొచ్చి తేగంతా పీచవుతుంది.

ఇప్పుడు ఎక్కేవాళ్ళు తగ్గారు. గీత కార్మికుల పిల్లలు ఆ ప్రమాదం వద్దనుకుని వేరే పనులు చూసుకున్నారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ తాగేవాళ్ళు తగ్గలేదు. పట్నాల్లో కల్లు అడుగుతారు, చెట్టు మాత్రం పట్నంలో ఉండదు, చెట్టు కల్లు రోజు దాటితే నిలవదు. హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో మళ్ళీ తెరిచారు. చెట్లు ఇచ్చేదానికీ దుకాణాలు అమ్మేదానికీ మధ్య ఉన్న ఖాళీని క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ అనే మత్తు మందులు నింపుతున్నాయి. ఆ మందు కల్లుకు అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణికి, మాట తడబడి, ఫిట్స్ వచ్చి ఆస్పత్రి పాలవుతాడు. ఇంట్లో ఎవరికైనా అలా ఉంటే బలవంతాన మాన్పించకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. కింద పేరుకున్న తెల్ల పొడినీ, సీసా నురగనూ చూసి మంచీ చెడూ తేల్చగలమనుకోవడం ప్రమాదం. చెట్టు కింద, కళ్ళముందు దించినదొక్కటే నమ్మదగింది.

నీరాకు, తాటిబెల్లానికి, ముంజెలకు ఇప్పుడు మళ్ళీ ధర వస్తోంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో తాడి మీద పని జరుగుతోంది. తెలంగాణలో చెరువు కట్టల మీద తాటి, ఈత మొక్కలు పెట్టించారు. నాటాలనుకునే రైతు ఈ కొన్ని సంగతులు పట్టించుకుంటే చాలు. బాగా కారే, బాగా కాసే చెట్టు కింద రాలిన పండు నుంచే టెంకలు ఏరుకోవాలి. నారు పోసి పీకి నాటే ఆలోచన వద్దు: మొలక రెండడుగులు కిందికి దిగిపోతుంది, పీకితే కొస తెగి చస్తుంది. వానల్లోనే టెంకను నేరుగా గట్టున జానెడు లోతున పాతాలి, గుంటకు రెండు చొప్పున, గుంటకూ గుంటకూ మధ్య తొమ్మిది పది అడుగులు. మొలిచిన చోట చిన్న కర్ర గుచ్చి ఉంచాలి, లేకపోతే దుక్కిలో పోతుంది. మొదటి మూడేళ్ళు ఆకులు పశువులు తినకుండా, గట్టు మీది గడ్డికి పెట్టిన నిప్పు అంటకుండా చూసుకోవాలి. తల ఎదిగాక ఏడాదికి పది పన్నెండు కొత్త ఆకులే వస్తాయి కాబట్టి అంతకు మించి ఆకు కోయకూడదు. ఇల్లు కప్పడానికని తల బోడి చేసిన చెట్టు మరుసటి ఏడు గెల వేయదు. పోతు, పెంటి దాదాపు సగం సగం వస్తాయి, ముంజెల కోసం నాటేవాళ్ళు ఆ లెక్కన రెట్టింపు టెంకలు పాతుకోవాలి. తాళ్ళు పూతకు వచ్చే నాటికి ఎక్కడం తెలిసిన మనిషి ఊళ్ళో ఉంటాడా అన్నది కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి. చెట్టుకు పదిహేనేళ్ళు పడితే, మోకు పట్టడం నేర్పగలిగిన పెద్దలు చాలా ఊళ్ళలో అంతకాలం ఉండరు.